కొండ నుంచి కడలికి జానెడు వాలు

పిల్లలూ! సంక్రాంతి సెలవులకు మీరు ఎక్కడికి వెళ్ళారు? కొందరు అమ్మమ్మగారి ఊరు వెళ్ళి ఉంటారు. కొందరు కొండలు చూడటానికి, కొందరు సముద్రం చూడటానికి వెళ్ళి ఉంటారు. నేను మా మనవరాలినీ, మనవడినీ వెంటబెట్టుకొని, కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న ఒక పల్లెసీమకు వెళ్ళి వచ్చాను. అక్కడ పెద్ద వింతలేమీ లేవు. వరిచేలు, కాలువలు, తాటిచెట్లు, నిదానంగా పారే నీళ్ళు, అంతే. అయినా ఆ సీమను గురించి మీకు చెప్పాలని ఉన్నది. ముప్ఫైయేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, కథ మధ్యలో ఒకటి రెండు లెక్కలు కూడ చేయిస్తాను. భయపడకండి, అవి చాలా చిన్న లెక్కలు.

మా ఇల్లు విజయవాడలో. పిల్లలు హైదరాబాదు నుంచి వచ్చారు. మనవరాలు ఆరో తరగతి, మనవడు మూడో తరగతి చదువుతున్నారు. బయలుదేరేముందు తెల్లవారుజామున ఇంద్రకీలాద్రి ఎక్కి కనకదుర్గమ్మవారి దర్శనం చేసుకొన్నాము. అర్జునుడు ఈ కొండమీదనే తపస్సు చేసి, శివుణ్ణి మెప్పించి పాశుపతాస్త్రం సంపాదించాడని స్థలపురాణం. అర్జునునికి విజయుడు అని మరో పేరు ఉన్నది కదా! అందువల్ల ఊరికి విజయవాడ అనే పేరు వచ్చిందట. బెజవాడ అనే పేరుకు ఇంకొక కథ చెబుతారు. పూర్వం ఇక్కడ కొండలు అడ్డుగా ఉండి కృష్ణానదికి దారి లేదట. నది కొండకు బెజ్జం చేసుకొని సముద్రానికి పోయింది గనుక ఇది బెజ్జంవాడ అయిందట.

కథ ఎట్లా ఉన్నా, పైనుంచి చూస్తే అది కల్పించినవారి కళ్ళు మంచివే అనిపిస్తుంది. నదికి ఇవతల ఇంద్రకీలాద్రి, అవతల సీతానగరం కొండ. పడమటి కనుమలలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, ఇంచుమించు 1,400 కిలోమీటర్లు ప్రయాణం చేసే కృష్ణ ఈ రెండు కొండల నడుమ ఇరుకున దూరి బయటపడుతుంది. ఆ తరువాత సముద్రం దాకా ఏ కొండా దానికి ఎదురుకాదు. తూర్పుగా చూస్తే నేల పళ్ళెంలాగా చదునుగా కనబడుతుంది.

ఆ ఇరుకులోనే ప్రకాశం బ్యారేజి ఉన్నది. దాని పొడవు కిలోమీటరుకు పైచిలుకు. నీటిని ఆపటానికీ, వదలటానికీ 70 తలుపులు ఉన్నవి. మనవడు వాటిని లెక్కపెట్టటం మొదలుపెట్టి, నలభై దాటాక తప్పు పోయి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఇది కట్టకముందు ఏముండేది, తాతయ్యా?" అని మనవరాలు అడిగింది.

దానికి ముందు ఒక ఆనకట్ట ఉండేది. దానికి ముందు ఏమీ లేదు. 1832-33లో, అంటే నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. మనుషుల డొక్కలు ఎండిపోయిన కరువు గనుక జనం దానిని డొక్కల కరువు అన్నారు. సీమలోని జనంలో మూడోవంతు దాకా ఆ కరువుకు బలి అయ్యారు. విచారం ఏమంటే, కృష్ణ నీళ్ళు వాళ్ళ కళ్ళముందే సముద్రంలోకి పోతూ ఉండేవి. చేలు ఎత్తున, నది పల్లాన. నీటిని చేలకు ఎక్కించే ఉపాయం లేకపోయింది. తరువాత కొంతకాలానికి, సర్ ఆర్థర్ కాటన్ సలహాతో, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ అనే ఇంజనీరు ఈ కొండల నడుమ ఆనకట్ట కట్టించాడు. 1852లో మొదలైన పని 1855లో ముగిసింది. సుమారు వందేళ్ళు అది ఈ సీమకు అన్నం పెట్టింది. 1952లో దానికి గండి పడ్డది. అప్పుడు కొత్త బ్యారేజి కట్టటం తలపెట్టి 1957లో పూర్తిచేశారు. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టారు. నేడు నదికి రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలకు ఇక్కడి నుంచే నీరు పోతున్నది.

కొండ దిగి బందరు కాలువ గట్టుమీదికి వచ్చాము. మనవడు కాసేపు నీళ్ళవంక చూసి, "తాతయ్యా, ఇవి ఎటు పారుతున్నాయో తెలియటం లేదేం?" అన్నాడు. గుర్రపుడెక్క ఆకు ఒకటి నీటిలో వేయించాను. అది కొంచెం ఆలోచించుకొని, నెమ్మదిగా తూర్పుకు కదిలింది.

ఇక్కడ మన మొదటి లెక్క. విజయవాడ నేల సముద్రమట్టం కంటె సుమారు 20 మీటర్ల ఎత్తున ఉన్నది. మేము వెళ్ళబోయే సముద్రపు ఒడ్డు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 20 మీటర్లంటే 2,000 సెంటీమీటర్లు. దానిని 100 చేత భాగిస్తే ఎంత వస్తుంది? 20 సెంటీమీటర్లు. అంటే కిలోమీటరు దూరం నడిస్తే నేల 20 సెంటీమీటర్లే దిగుతుందన్నమాట. మీ బొటనవేలూ, చిటికెనవేలూ చాచి కొలవండి. ఇంచుమించు ఒక జానెడు! ఈ జానెడును గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

బస్సు ఎక్కాము. ఎక్కేముందు మనవడితో ఒక పందెం వేశాను. వాడికి రాళ్ళు ఏరటం సరదా. కొండమీద జేబు నిండా ఏరాడు. "ఒరే, ఇకమీదట పొలంలో దొరికిన రాయి తెచ్చి చూపిస్తే ఒక్కొక్కదానికి ఒక్కొక్క రూపాయి ఇస్తాను. రోడ్డుమీదివి పనికిరావు" అన్నాను. వాడు అప్పుడే పది రూపాయలు సంపాదించినట్టు సంతోషించాడు.

బస్సు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా పోయింది. ఉయ్యూరు దగ్గర చెరకు బండ్లు, ట్రాక్టర్లు వరసగా ఫ్యాక్టరీకి పోతూ కనిపించాయి. వరికోతలు అయిపోయి చాలా రోజులైంది. అయినా చేలు పచ్చగానే ఉన్నవి! వరి మోళ్ళ నడుమ చిన్న చిన్న మొక్కలు తివాచీ పరచినట్టు ఉన్నవి. అవి మినుములు. ఈ సీమ రైతుల పద్ధతి చూడండి: వరి కోయటానికి కొద్ది రోజుల ముందే, చేలో తడి ఉండగా, నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లుతారు. వరి కోసేసరికి అవి మొలకెత్తి ఉంటాయి. మళ్ళీ దున్నరు, నీరు పెట్టరు. నేలలో మిగిలిన తడితోనూ, మంచుతోనూ పంట వస్తుంది. మీరు తినే ఇడ్లీలో బియ్యం, మినుములు రెండూ ఒకే చేలో ఒకదాని వెంట ఒకటి పండినవి కావచ్చు!

కాలువను గమనించమని పిల్లలకు చెప్పాను. మామూలుగా నీరు పల్లంలో ఉంటుంది కదా? ఇక్కడ కాలువ మిట్టమీద పోతున్నది. పొలాలు దానికి దిగువన ఉన్నవి. వరదలు వచ్చినప్పుడు నది తన ఒండ్రుమట్టిని ఒడ్డునే ఎక్కువగా పడవేస్తుంది. ఏటేటా అట్లా పడి, నది పక్క నేల ఎత్తు అవుతుంది; దూరం పోయినకొద్దీ పల్లం అవుతుంది. కాలువలు తవ్వినవారు ఈ రహస్యం కనిపెట్టి మిట్టమీద పంటకాలువలను, పల్లంలో మురుగుకాలువలను తవ్వారు. మిట్ట మీది నీరు చేలను తడిపి, మిగిలినది మురుగులో పడి సముద్రానికి పోతుంది. మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఆ జానెడు వాలే పని అంతా చేస్తుంది.

పామర్రు దాటితే కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని నేర్పిన ఊరు అది. తరతరాలుగా ఆటపాటలు ఆ ఊరివారికి చదువుసంధ్యలతో సమానం. కాసేపు దిగాము. ఒక చోట ఆడపిల్లలూ, మగపిల్లలూ కలిసి అడుగులు వేస్తున్నారు. గురువుగారు కర్రతో తాళం వేస్తూ ఒకే అడుగును పదిసార్లు వేయించారు. "అంత చక్కగా వేస్తుంటే మళ్ళీ ఎందుకు వేయిస్తున్నారు?" అని మనవరాలు నా చెవిలో అడిగింది. "అందుకే చక్కగా వస్తున్నది" అన్నాను. జాతీయపతాకానికి మొదటి రూపం సిద్ధంచేసి, 1921లో విజయవాడలో గాంధీగారికి చూపించిన పింగళి వెంకయ్యగారు పుట్టిన భట్లపెనుమర్రు కూడ ఆ చుట్టుపక్కలదే.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరాము. ఇక్కడ కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. దివి అంటే ఇక్కడ దీవి అని అర్థం. నది మధ్య దీవికి మంచినీటి కాలువ ఎట్లా వస్తుంది? పిల్లలు తలలు గోక్కున్నారు. పులిగడ్డ దగ్గర వారికి జవాబు దొరికింది. అక్కడ నదిమీద ఒక వంతెన ఉన్నది. ఆ వంతెనమీద కాలువ పారుతున్నది! పైన కాలువ, కింద నది. దీనిని అక్విడక్టు అంటారు. "నీళ్ళు కూడ వంతెన దాటుతాయా!" అని మనవడు చప్పట్లు కొట్టాడు.

అవనిగడ్డ మీదుగా చీకటిపడే వేళకు నాగాయలంక దగ్గరి మా బావ ఊరు చేరాము. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. పిల్లలకు ఆయన కూడ తాతయ్యే.

ఆ ఊళ్ళో అయిదు రోజులు ఉన్నాము. పొద్దున్నే మంచులో తాటిచెట్ల తలలు మాత్రమే కనిపించేవి. ముంగిళ్ళలో ముగ్గులు, గొబ్బెమ్మలు. పిల్లలు కాల్చిన తేగలు తిన్నారు. తేగ ఎట్లా వస్తుందో మీకు తెలుసా? తాటిటెంకలను మట్టిలో పాతర వేస్తారు. అవి మొలకెత్తి కిందికి దిగిన మొలకే తేగ. చీల్చి తింటే కమ్మగా ఉంటుంది. పట్నంలో పిల్లలకు నిద్రపట్టాలంటే చప్పుడు తగ్గాలి. ఇక్కడ మొదటి రాత్రి చప్పుడు లేకపోవటంవల్ల మా మనవడికి నిద్రపట్టలేదు. మరునాడు రోజంతా చేలగట్లమీద రాళ్ళకోసం వెతికాడు. సాయంత్రం ఒక పెంకుముక్క తెచ్చి రూపాయి అడిగాడు. అది రాయి కాదు, కాల్చిన మట్టి అని చెబితే మొహం ముడుచుకొన్నాడు.

పిల్లలూ, ఇంత చక్కని ఊరికి నేను ఎన్నేళ్ళ తరువాత వెళ్ళానో చెబితే మీరు నమ్మరు. నలభై ఏళ్ళు దాటింది. చిన్నప్పుడు ఏటా వేసవి సెలవులు అక్కడే గడిపేవాణ్ణి. తరువాత ఎందుకు పోలేదో మా మనవరాలు అడిగింది. ఆ పిల్లకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

1977 నవంబరు 19, శనివారం. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. విజయవాడలో కాలేజీలో చదువుతున్నాను. ఆనాడు బంగాళాఖాతం నుంచి వచ్చిన పెనుతుఫాను దివిసీమను కొట్టింది. గాలితో పాటు సముద్రం లేచింది. దానిని ఉప్పెన అంటారు. అయిదు మీటర్ల ఎత్తు దాకా లేచిన నీరు ఊళ్ళమీద పడి, పది పన్నెండు కిలోమీటర్ల లోపలికి వచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకొని పోయాయి. పదివేల మంది దాకా చనిపోయారు. కొన్ని రోజుల తరువాత మేము కొందరు విద్యార్థులం బియ్యం, బట్టలు మోసుకొని అక్కడికి వెళ్ళాము. మా అత్తయ్య ఇల్లు ఉన్నచోట పునాది ఇటుకలు మిగిలాయి. బావ తాటిచెట్టును కరుచుకొని బ్రతికాడు. మా అత్తయ్యా, ఆమె చిన్న కూతురూ దొరకలేదు. అందరికంటె ముందు నాకు తేగ చీల్చి పెట్టేది ఆ పిల్లే.

అప్పటి నుంచి ఆ ఊరికి పోవటానికి నాకు కాళ్ళు రాలేదు. బావ మాత్రం ప్రతి సంక్రాంతికీ "రారా" అని పిలుస్తూనే ఉన్నాడు. ఈ ఏడు పిల్లలు పట్టుపట్టబట్టి వెళ్ళాను.

మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం తీసి లెక్క వేసింది. మీరూ వేయండి. ఇది రెండో లెక్క. నేల కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. నీరు 5 మీటర్లు, అంటే 500 సెంటీమీటర్లు లేచింది. 500ను 20 చేత భాగిస్తే 25. "తాతయ్యా, అయితే 25 కిలోమీటర్లు రావాలిగా?" అన్నది. మంచి ప్రశ్న. చెట్లు, గట్లు, ఇళ్ళు అడ్డుపడి నీటి జోరును తగ్గిస్తాయి. గాలి తగ్గగానే నీరు వెనక్కు మళ్ళుతుంది. అందుచేత అంత దూరం రాలేదు. కాని లెక్కలో సారాంశం నిజమే. నిటారుగా ఉన్న ఒడ్డయితే 5 మీటర్ల నీరు ఒడ్డుకు కొట్టుకొని ఆగిపోతుంది. ఇక్కడ ఆపేది ఏమీ లేదు. పైగా తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. తుఫాను గాలి తోసుకొచ్చిన నీరు కిందికి పోవటానికి చోటు లేక పైకి లేస్తుంది. కాలువనీటిని చేలకు తెచ్చిన జానెడు వాలే సముద్రాన్ని కూడ ఊరిమీదికి తెచ్చింది.

అప్పుడు ఆ పిల్ల బావను సూటిగా అడిగింది: "తాతయ్యగారూ, అంత జరిగాక కూడ మళ్ళీ ఇక్కడే ఇల్లు ఎందుకు కట్టారు?"

నేను కంగారుపడ్డాను. బావ మాత్రం నవ్వాడు. "అమ్మాయీ, ఉప్పెన ఒక్కరోజు వచ్చింది. కృష్ణమ్మ ఏటా వస్తుంది. ఉప్పెన తరువాత చేలు ఉప్పు తేలి పండలేదు. కాలువనీళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి ఆ ఉప్పు కడిగాము. కడిగిన తరువాత ఎప్పటిలాగే పండింది. ఇంత మెత్తని నేల వదిలి ఎక్కడికి పోతాము? అయితే ఇదివరకు లాగా ఉంటే కుదరదు. ఎప్పుడు లేచి పోవాలో తెలిసి ఉండాలి. రా, చూపిస్తాను" అన్నాడు.

ఊరి చివర స్తంభాలమీద కట్టిన ఒక మేడ ఉన్నది. అది తుఫాను షెల్టరు. ఉప్పెన వస్తే నీరు స్తంభాల మధ్య నుంచి పోతుంది. జనం మేడమీద ఉంటారు. ఉప్పెన తరువాత ఇక్కడివాడే అయిన మండలి వెంకట కృష్ణారావుగారి వంటి పెద్దలు రాత్రింబవళ్ళు తిరిగి జనాన్ని నిలబెట్టారు. దేశం నలుమూలల నుంచి సేవాసంస్థలు వచ్చాయి. తీరం పొడవునా ఇటువంటి మేడలు లేచాయి. ఇంటికి వచ్చాక బావ గూటిలో నుంచి ఒక నోటుపుస్తకం తీసి మనవరాలి చేతికి ఇచ్చాడు. అందులో ఊళ్ళో నడవలేని ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఎవరు, వారిని షెల్టరుకు చేర్చవలసినవారు ఎవరు అని ఇంటింటికీ రాసి ఉన్నది. ఏటా తుఫానుల కాలానికి ముందు దానిని దిద్దుకొంటాడట. "ఆ రోజున మా అమ్మకు చెప్పేవాళ్ళు లేకపోయారు. రేడియో ఉన్న ఇళ్ళు తక్కువ. విన్నవాళ్ళు కూడ గాలివాన మనకు కొత్తా అనుకొన్నారు" అన్నాడు బావ, నా వంక చూడకుండా.

పిల్లలూ, మూడు అంకెలు చెబుతాను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచింది. సుమారు 30,000 మంది పోయారు. 1977లో పదివేలమంది దాకా. 1990 మే నెలలో మళ్ళీ ఈ కృష్ణ ముఖద్వారం దగ్గరే మహాబలమైన తుఫాను తీరం దాటింది. ఆసరికి లక్షన్నర మందిని ముందుగానే మెరక ప్రాంతాలకు తరలించారు. ప్రాణనష్టం వెయ్యికి లోపు. అదీ తక్కువేమీ కాదు. కాని తేడా చూడండి! సముద్రం మనపైన జాలిపడటం నేర్చుకోలేదు. మనుషులు ముందుగా తెలుసుకోవటం, తెలిసినది ఒకరికొకరు చెప్పుకోవటం నేర్చుకొన్నారు. ఇప్పుడు మచిలీపట్నంలో వాతావరణశాఖవారి రాడారు ఉన్నది. ఉపగ్రహాలు మబ్బులను కనిపెట్టి ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు బావ తన నోటుపుస్తకం పట్టుకొని షెల్టరులోనే పడుకొన్నాడట.

మరునాడు పడవమీద మడ అడవి చూడబోయాము. నది, సముద్రం కలిసే ఉప్పుబురదలో పెరిగే అడవి అది. బురదలో నుంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల కొద్దీ పుల్లలు పైకి వచ్చి ఉన్నవి. అవి మడచెట్ల వేళ్ళు. బురదలో గాలి ఆడదు గనుక వేళ్ళే పైకి వచ్చి గాలి పీల్చుకొంటాయి. వాటి నడుమ పీతలు, చేపపిల్లలు దాగుకొంటాయి. ఆ చేపలను పట్టి తినే అడవిపిల్లి కూడ ఇక్కడ ఉన్నది; నీళ్ళంటే భయం లేని పిల్లి! అది మాకు కనిపించలేదు గాని, బురదలో దాని అడుగులని పడవవాడు చూపించాడు. ఈ అడవి అలల జోరును విరుస్తుంది. అందుచేత మడను నరికితే ఊరి గోడను పడగొట్టుకొన్నట్టే.

చివరి రోజున హంసలదీవి వెళ్ళాము. అక్కడ వేణుగోపాలస్వామి గుడి ఉన్నది. కాకి ఒకటి ఇక్కడి సంగమంలో మునిగి హంస అయిందని పెద్దలు చెబుతారు. మాఘపూర్ణిమనాడు వేలాదిమంది సముద్రస్నానానికి వస్తారు. మేము వెళ్ళిన రోజున తీరంలో ఎవరూ లేరు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు సముద్రం నుంచి వచ్చి ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి వంద గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. కుక్కలూ, నక్కలూ తినకుండా అటవీశాఖవారు వాటిని కంచెలో ఉంచి, పిల్లలు పొదిగాక సముద్రంలోకి వదులుతారు.

మనవడు చెప్పులు విప్పి, తడిమట్టిలో నిలబడి, "ఇక్కడ కూడ రాయి లేదు, తాతయ్యా!" అన్నాడు, ఓడిపోయినట్టు. అప్పుడు పందెం గుట్టు చెప్పాను. రాళ్ళు లేకపోలేదు, ఉన్నవి. నువ్వు నిలబడ్డది వాటిమీదనే! మహారాష్ట్రంలో, కర్ణాటకలో, తెలంగాణలో ఎక్కడెక్కడి కొండలో ఎండకు పగిలి, వానకు అరిగి, నదిలో దొర్లి దొర్లి, పిండి అయి ఇక్కడికి వచ్చాయి. వేల ఏళ్ళుగా కృష్ణ ఈ మట్టి తెచ్చి సముద్రంలో పోస్తూ ఉంటే, సముద్రం జరిగి జరిగి ఈ నేల ఏర్పడ్డది. మా బావ చేను ఒకనాడు ఎక్కడో ఒక కొండ.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఇప్పుడు ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగరం వంటి పెద్ద జలాశయాలు ఉన్నవి. అవి మనకు నీళ్ళు, వెలుగు ఇస్తున్నవి. కాని నది తెచ్చే ఒండ్రులో చాలా భాగం వాటిలోనే నిలిచిపోతున్నది. కొత్త మట్టి రాకపోయేసరికి ఈ తీరాన్ని కొన్నిచోట్ల సముద్రం కోసుకొనిపోతున్నది. నీళ్ళూ కావాలి, నేలా నిలవాలి. ఈ లెక్క మా తరానికి పూర్తిగా తెగలేదు. మీరు పెద్దయి తెంచవలసి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో బావ బస్సు దాకా వచ్చి తేగల కట్ట ఇచ్చాడు. "వచ్చే ఏడు మళ్ళీ ఎప్పుడని అడగను. వస్తావుగా?" అన్నాడు. వస్తానన్నాను. ఈసారి ఆ మాట అనటానికి నాకు కష్టం కాలేదు.

ఇక మీకు ఇంటిపని. మీ ఊరి రైల్వేస్టేషనుకు వెళ్ళినప్పుడు పసుపుపచ్చని బోర్డు చూడండి. ఊరి పేరు కింద ఆ ఊరు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో రాసి ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం ఎన్ని కిలోమీటర్లో అట్లాసు చూసి కొలవండి. భాగహారం చేసి మీ నేల వాలు ఎంతో తెలుసుకోండి. వాన కురిసిన రోజున మీ వీధిలో నీరు ఎటు పోతున్నదో గమనించండి. తరువాత మీ అమ్మనూ నాన్ననూ ఈ ప్రశ్న అడగండి: "నీరు ఇటు వస్తే మనం ఎటు పోవాలి? మన వీధిలో నడవలేనివాళ్ళు ఎవరు?" జవాబు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.